ఫీడర్ దగ్గర డేగ గువ్వను పట్టింది, ఇక ఫీడర్ తీసేయాలా?

మంచు_పెరడు
మేం మినియాపొలిస్ పక్కన ఉంటాం. నవంబరులో పెరట్లో ఫీడర్ వేలాడదీసి నల్ల పొద్దుతిరుగుడు గింజలు పోస్తున్నాం. చికడీలనే బుల్లి పిట్టలు, ఒక కార్డినల్ జంట, నట్‌హాచ్, కింద రాలిన గింజలకి జంకోలు, మోర్నింగ్ డవ్ అనే గువ్వలు బాగానే వస్తున్నాయి. భీమవరం నుంచి అత్తయ్యగారు వచ్చారు. ఈ చలికి గడప దాటలేరు కాబట్టి కాఫీ తాగగానే కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటారు. పిట్టల్ని చూడటమే ఆవిడకి కాలక్షేపం.

నిన్న ఆవిడా పిల్లలూ చూస్తుండగానే ఒక డేగ కంచె మీదుగా దూసుకొచ్చి గువ్వను పట్టేసింది. ఎక్కడికీ పోకుండా అక్కడే మంచు మీద కూర్చుని ఈకలు పీకడం మొదలుపెట్టింది. మా చిన్నది ఒకటే ఏడుపు. "గింజలు ఎర వేసి మనమే చంపించినట్టయింది, ఆ పాపం మనకెందుకమ్మా, తీసెయ్" అంటున్నారు అత్తయ్యగారు. మా ఆయన ఏ పక్కా మాట్లాడట్లేదు. ఈ రోజు పొద్దున్నించీ పెరట్లో ఒక్క పిట్ట కూడా లేదు. తీసేయాలా, ఉంచాలా?

రాత్రి_షిఫ్ట్
మీ ఆయన బాగా అనుభవం ఉన్న మనిషి. ఫీడర్ ఉంచండి.

వడ్రంగిపిట్ట
ముందు ఆ డేగ సంగతి చెప్పండి. కాకంత ఉందా, బ్లూ జే అంత ఉందా? తోక చివర గుండ్రంగా ఉందా, కత్తిరించినట్టు తిన్నగా ఉందా?

మంచు_పెరడు
కాకి కంటే కొంచెం చిన్నది. తోక గుండ్రం, చివర తెల్ల అంచు. తల పెద్దది. కళ్ళు బాగా ఎర్రగా ఉన్నాయి. మా పెద్దాడు ఫోన్లో తీశాడు కాబట్టి చెప్పగలుగుతున్నా.

వడ్రంగిపిట్ట
అయితే కూపర్స్ హాక్. కళ్ళు ఎర్రబడ్డాయంటే బాగా ఎదిగినది. పిల్ల డేగలకి కళ్ళు పసుపుగా ఉంటాయి. ఇంకో రకం షార్ప్ షిన్డ్ హాక్, అది చిన్నది, కాళ్ళు బాగా సన్నం, తోక తిన్నగా ఉంటుంది. రెండూ ముఖ్యంగా పిట్టల్ని తినే బతుకుతాయి. వాటికి గింజలు పనికిరావు. మీ మినెసోటా చలిలో వాటికీ కడుపు నిండాలి కదా. పట్టడానికి వచ్చిన ప్రతిసారీ దొరుకుతుందనీ కాదు, చాలాసార్లు వట్టిగానే పోతుంది.

పెరడు ఖాళీగా ఉందంటున్నారు, నిజంగా ఖాళీయేనా అని ఒకసారి నిదానంగా చూడండి. డేగ కనబడగానే పొదకి దగ్గరున్నవి పొదలోకి దూరతాయి. అంత దూరం పోలేనివి ఉన్నచోటే బిగుసుకుపోతాయి. మా ఇంట్లో ఒక డౌనీ వడ్రంగిపిట్ట ఫీడర్ పంజరానికి అతుక్కుని, ముక్కు పైకి ఎత్తి, అలాగే ఉండిపోయింది. ఈక కదల్లేదు. కన్ను మాత్రం తళతళలాడుతోంది. చూస్తే పక్క మేపుల్ చెట్టు మీద డేగ! అది ఎగిరిపోయాక కూడా ఈ పిట్ట కదల్లేదు. ఎక్కడో ఒక చికడీ కూసింది, దాని తర్వాతే తల తిప్పింది. చుట్టుపక్కల ఏ ఇంటి కిటికీలోంచైనా ఇలాంటిది చూడొచ్చు, కానీ ఓపిగ్గా కూర్చునేవాళ్ళు తక్కువ. మీ అత్తయ్యగారికి ఆ ఓపిక ఉంది, అది వదులుకోకండి.

కోనసీమ_ఇన్_కొలంబస్
వడ్రంగిపిట్ట గారూ, అదంతా బాగానే ఉంది కానీ ఆ పెద్దావిడ మాట కొట్టిపారేయలేం. మామూలుగా చెట్టుకొకటి చొప్పున తిరిగే పిట్టల్ని గింజలు పోసి ఒకచోట పోగేస్తున్నాం. డేగ అక్కడికే వస్తుంది. అందులో మన చేయి లేదని ఎలా అంటాం?

వడ్రంగిపిట్ట
చేయి లేదనడం లేదు. ఇంకో వైపు కూడా చూడండి. విస్కాన్సిన్ అడవుల్లో 1980ల్లో చికడీలకి రంగు రింగులు వేసి లెక్క చూశారు. చలికాలం దాటి బతికినవి ఫీడర్లున్న చోట 69 శాతం, లేని చోట 37 శాతం. అది విపరీతమైన చలి పడిన కాలం. మొత్తం పదకొండు పన్నెండు గ్రాములుండే పిట్ట అది. రాత్రికి చెట్టు తొర్రలో దూరి ఒంటి వేడిని పది డిగ్రీల సెల్సియస్ పైగా తగ్గించేసుకుంటుంది, ఉన్న కొవ్వు తెల్లారేదాకా సరిపోవాలని. పొద్దున లేవగానే దానికి గింజ దొరకడం చిన్న విషయం కాదు.

కోనసీమ_ఇన్_కొలంబస్
మరి అలవాటుపడిపోయి మనం పోయకపోతే చస్తాయి కదా? మేం సంక్రాంతికి ఇండియా వెళ్తే ఫీడర్ ఖాళీగా ఉంటుంది. అదే నాకు టెన్షన్.

వడ్రంగిపిట్ట
చావవు. అదే విస్కాన్సిన్‌లో పాతికేళ్ళుగా ఫీడర్లున్న అడవిలో అవి తీసేసి చూశారు. అక్కడి చికడీలు ఎప్పుడూ ఫీడర్ ఎరగని వాటిలాగే బతికాయి. రోజు తిండిలో ఐదో వంతు మాత్రమే ఫీడర్ నుంచి తీసుకుంటాయి, మిగతాది బెరడు సందుల్లో పురుగుగుడ్లు, సాలీళ్ళు, శరదృతువులో దాచుకున్న గింజలు. నిశ్చింతగా ఇండియా వెళ్ళిరండి.

టొరంటో_తాత
చికడీ కూత గురించి పైన వచ్చింది కాబట్టి ఒక మాట. అది చిక్ అని మొదలెట్టి చివర డీ డీ డీ అంటుంది. ఆ డీలు ఎన్ని ఎక్కువైతే ప్రమాదం అంత పెద్దదన్నమాట. 2005లో సైన్స్ పత్రికలో ఈ పరిశోధన వచ్చింది. ఇందులో నాకు నచ్చిందేమిటంటే, పెద్ద గుడ్లగూబను చూసినప్పటి కంటే చిన్న గుడ్లగూబను చూసినప్పుడే డీలు ఎక్కువ పలుకుతాయి. పెద్దది చికడీ వెంటపడి పట్టలేదు, చిన్నది పట్టగలదు. నట్‌హాచ్‌లు కూడా ఆ భాష అర్థం చేసుకుంటాయి. మిసిసాగాలో మా కోడలు కిటికీ తెరవనివ్వదు, చలి వస్తుందని. అయినా అద్దంలోంచి వినబడుతుంది.

అమ్మాయ్ మంచు_పెరడూ, డేగ వచ్చినప్పుడు మీ చికడీలు ఎన్ని డీలు అన్నాయో మీ అత్తగారిని వినమని చెప్పు. ఆవిడకి అదొక పని అవుతుంది.

మంచు_పెరడు
చెప్తాను తాతగారూ. ఆవిడకి చెవులు మా అందరికంటే బాగా పనిచేస్తాయి.

సియాటెల్_శాకాహారి
నేను వేరేగా చెప్తాను, ఏమీ అనుకోకండి. రెండు వారాలు తీసేయండి. డేగ ఒకసారి రుచి మరిగితే రోజూ అదే వేళకి వస్తుంది. గింజలు లేకపోతే పిట్టలు చెదిరిపోతాయి, డేగ కూడా వేరే చోటు చూసుకుంటుంది. అప్పుడు మళ్ళీ పెట్టుకోవచ్చు. ఇక్కడ అందరూ చేసే పనే.

రాత్రి_షిఫ్ట్
పక్కింటివాళ్ళకి ఫీడర్ ఉంటే డేగ అక్కడికి పోతుంది. సమస్య పరిష్కారం, పక్కింటి పెద్దావిడకి బదిలీ.

సియాటెల్_శాకాహారి
నవ్వుకోండి కానీ తీయాల్సిన సందర్భాలు నిజంగా ఉన్నాయి. 2020-21 చలికాలంలో మా వైపు పైన్ సిస్కిన్లనే చిన్న పిట్టలు గుంపులుగా దిగాయి. సాల్మొనెల్లా సోకి ఫీడర్ల కిందే చచ్చిపోయాయి. రాష్ట్ర వన్యప్రాణి శాఖే అందరినీ ఫీడర్లు దించేయమంది. ఉబ్బిపోయి, రెక్కలు జార్చుకుని, మనిషి దగ్గరికెళ్ళినా ఎగరకుండా కూర్చున్న సిస్కిన్‌ని చూస్తే కడుపు తరుక్కుపోయింది. డేగ తినడం ప్రకృతి. ఇది మాత్రం మనం ఒకే పళ్ళెంలో గుంపుని పోగెయ్యడం వల్ల వచ్చే జబ్బు. అందుకే నాకు డేగ కంటే కడగని ఫీడరంటేనే ఎక్కువ భయం.

వడ్రంగిపిట్ట
నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. హౌస్ ఫించ్‌ల కళ్ళకలక కూడా అంతే. 1994లో వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల మొదలై తూర్పంతా పాకింది. కళ్ళు వాచి మూసుకుపోయిన ఫించ్ ఫీడర్ మీద ఊరికే కూర్చుని ఉంటే అదే. అది కనబడితే వెంటనే దించేయాలి. మామూలు రోజుల్లో కూడా రెండు వారాలకొకసారి విప్పి కడిగి, ఒక పాలు బ్లీచ్, తొమ్మిది పాళ్ళు నీళ్ళు కలిపిన దాంట్లో నానబెట్టి, బాగా ఆరాకే గింజలు పోయండి. కింద పొట్టు కూడా ఎత్తి పారేయాలి, ముక్కిపోతుంది.

అరకు_పిల్ల
ఫీడర్లో ఏం పోస్తున్నారో కూడా రాయండి అందరూ. నేను న్యూజెర్సీ. మొదటిసారి ఇక్కడ షాపులో నైజర్ సీడ్ సంచీ తెరిచి చేత్తో తీసి చూస్తే నోట మాట రాలేదు. నల్లగా సన్నగా మెరుస్తూ అచ్చం మా వలిసెలు! అవును, అవే. నవంబరు, డిసెంబరుల్లో అరకు, పాడేరు వైపు కొండవాలు పొడుగునా పసుపుపచ్చగా పూసే వలిసె పూలు, అందరూ ఆగి ఫొటోలు దిగే ఆ తోటల గింజలు. మా వైపు నూనె తీసి వంటకి వాడతారు. అమెరికాకి ఇండియా, ఇథియోపియా, మయన్మార్ నుంచి వస్తాయి. దిగుమతి చేసేటప్పుడు వేడి పెట్టాలని ఇక్కడి నిబంధన, కలుపు గింజలు కలిసొచ్చి మొలవకుండా.

గోల్డ్‌ఫించ్‌లకి ఇదంటే ప్రాణం. సన్న చీలికలున్న గొట్టం ఫీడర్ కావాలి, మామూలు దాంట్లో పోస్తే కారిపోతాయి. చలికాలంలో గోల్డ్‌ఫించ్‌లు బంగారు రంగులో ఉండవు, మాసిన ఆకుపచ్చ గోధుమ రంగులో ఉంటాయి కాబట్టి చాలామంది పిచ్చుకలనుకుంటారు. మా నాన్నగారికి వీడియో కాల్‌లో చూపిస్తే "మన గింజలు అంత దూరం వచ్చి వీటి కడుపులో పడుతున్నాయా" అని ఎంత సంతోషపడ్డారో.

తాండూరోడు
అబ్బ, ఈ పోస్టు చదివి కడుపు నిండింది. నేను కూడా ఒకటి కలుపుతా. సాఫ్‌ఫ్లవర్ అని తెల్లటి గింజలు అమ్ముతరు చూడండి, అవి మన కుసుమలే. మా దిక్కు చేన్ల చుట్టూ ముళ్ళ కంచెలెక్క వేసేవాళ్ళు, పశువులు రాకుండ. డల్లాస్‌ల మా పెరట్ల కార్డినల్స్ ఫస్ట్ వాటి మీదనే పడతయ్. ముక్కు లావు కదా, పటుక్కున పగలగొడతయ్. ఉడతలు, స్టార్లింగులు మాత్రం అంతగా ముట్టవు. ఉడతలతోని విసిగిపోయినోళ్ళు కుసుమలు ట్రై చేయండి.

రాత్రి_షిఫ్ట్
ఉడతలకి గుంటూరు మిరపకారం చల్లితే పోదా?

తాండూరోడు
పిట్టలకు కారం తెలవదు భయ్యా, ఉడతలకు తెలుస్తది. నిజమే అది. కానీ పొడి చల్లితే గాలికి లేచి నీ కండ్లల్లనే పడుతది. కారం పట్టించిన గింజలే అమ్ముతరు, అవి కొనుక్కో.

సియాటెల్_శాకాహారి
వడ్రంగి పిట్టలకి సూయెట్ పెట్టమంటారు అందరూ. కొనేముందు తెలుసుకోండి, అది గొడ్డు కొవ్వు. మా ఇంట్లో దాన్ని తేలేం. ఉప్పు లేని వేరుశెనగ వెన్నలో మొక్కజొన్న రవ్వ గట్టిగా కలిపి, బెరడున్న కొయ్యకి బెజ్జాలు చేసి కూరితే డౌనీలు, నట్‌హాచ్‌లు హాయిగా తింటాయి. హమ్మింగ్‌బర్డ్ కూడా చలికాలమంతా మా ఊళ్ళోనే ఉంటుంది, అన్నాస్ రకం. ఒక కప్పు పంచదారకి నాలుగు కప్పుల నీళ్ళు. గడ్డకట్టే రాత్రి లోపల పెట్టి, చీకటితోనే లేచి మళ్ళీ బయట తగిలిస్తాం. ఆలస్యమైతే కిటికీ ముందుకొచ్చి నిలబడి చూస్తుంది.

పెదవాల్తేరు
వైజాగ్ నుంచి. మా ఇంటి వరండాలో ఇప్పటికీ సంక్రాంతికి వరికంకుల కుచ్చులు కడతాం పిచ్చుకల కోసం. కొన్నేళ్ళుగా పిచ్చుకలు తక్కువే, మునియాలు వస్తున్నాయి. మీకు అక్కడ ఊర పిచ్చుకలు వస్తాయా?

కోనసీమ_ఇన్_కొలంబస్
వస్తాయా అంటారేంటండీ! ముప్పై నలభై ఒకేసారి దిగి మిగతావాటిని దగ్గరికి రానివ్వవు. ఇక్కడివాళ్ళు వాటిని తరిమేయాలని చూస్తారు. 1850ల్లో బ్రూక్లిన్‌లో తెచ్చి వదిలారు, ఖండమంతా నిండిపోయాయి. బ్లూబర్డ్ గూళ్ళలో దూరి పిల్లల్ని పొడిచి చంపేస్తాయి. తెలుసు. కానీ మా అమ్మమ్మ వాకిట్లో నూకలు వేసి పిలిచిన పిట్టని తరమాలంటే నాకు చేతులు రావు.

అరకు_పిల్ల
నాకు వస్తాయి. ఇక్కడి బ్లూబర్డ్‌కి ఇదే ఊరు, పిచ్చుకకి కాదు. ఫీడర్ చుట్టూ సన్న తీగలు వేలాడదీయండి, పిచ్చుకలకి భయం, చికడీలు పట్టించుకోవు. జొన్నలు, వరిగలు కలిపిన చవక మిక్స్ పోయడం ఆపితే సగం పోతాయి. ప్రేమ ఉంటే వైజాగ్‌లో వరండాకి కుచ్చులు కట్టాలి, అక్కడ దానికి అవసరం.

పెదవాల్తేరు
అరకు పిల్ల గారి మాట నాకు నచ్చింది. కుచ్చులు రెట్టింపు చేస్తాం.

మంచు_పెరడు
అందరికీ థాంక్స్. ఒక సందేహం. మగ కార్డినల్ ఆడదాన్ని ఫీడర్ దగ్గరికి రానివ్వదు, ముందు తనే తింటుంది. అత్తయ్యగారికి దాని మీద చాలా కోపంగా ఉంది.

వడ్రంగిపిట్ట
ఫిబ్రవరి, మార్చి దాకా ఆగమనండి. అదే మగది గింజ ఒలిచి తెచ్చి దాని నోట్లో పెడుతుంది. అప్పటికి పాట కూడా మొదలెడుతుంది. ఎవరు ఎవర్ని తరుముతున్నారో రాసుకుంటే చాలా తెలుస్తుంది. ఫీడర్‌వాచ్ అని చలికాలంలో ఫీడర్ల దగ్గర పిట్టల్ని లెక్కపెట్టే కార్యక్రమం ఉంది, దాని వలంటీర్లు రాసి పంపిన తగాదాలన్నీ కలిపి 2017లో వరస కట్టారు. మొత్తం మీద బరువైనదే గెలుస్తుంది. కానీ వడ్రంగి పిట్టలు బరువుకి మించి గెలుస్తాయి. గువ్వలు మాత్రం అంత ఒళ్ళుండీ చిన్నవాటికి కూడా చోటిచ్చేస్తాయి. చికడీలది ఇంకో పద్ధతి. గుంపులో ఎవరి తర్వాత ఎవరో ఖాయంగా ఉంటుంది. పెద్దది వచ్చి ఒక గింజ తీసుకుపోయేదాకా చిన్నది కొమ్మ మీద ఆగుతుంది. గింజ తీసుకుని అక్కడే తినదు చూడండి, కొమ్మకి పోయి రెండు కాళ్ళ మధ్య నొక్కిపెట్టి ముక్కుతో టకటకా కొట్టి, పొట్టు కింద పడేసి, పప్పు తింటుంది. మళ్ళీ వస్తుంది.

కోనసీమ_ఇన్_కొలంబస్
మా బ్లూ జే అయితే డేగలాగా అరుస్తుంది. అందరూ పారిపోతారు, తీరిగ్గా దిగి గొంతు సంచిలో వేరుశెనగలు కుక్కుకుని పోతుంది. చూస్తుంటే ముచ్చటేస్తుంది.

టొరంటో_తాత
ఫీడర్‌వాచ్ మాట వచ్చింది కాబట్టి పిల్లల తల్లిదండ్రులందరికీ చెప్తున్నా, చేరండి. 1976లో మా ఆంటారియోలోనే చిన్నగా మొదలైంది. తర్వాత అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు కలిసి 1987 నుంచి ఖండమంతా నడుపుతున్నారు. నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా. వరసగా రెండు రోజులు చూసి, ఒక్కో జాతిలో ఒకేసారి ఎన్ని ఎక్కువ కనబడ్డాయో అదే రాయాలి. వచ్చిపోయేవి కూడితే ఒకే చికడీ ఇరవై అయిపోతుంది. డేగ వస్తే అదీ రాయాలి, అదీ లెక్కే. రుసుము కట్టడం ఇష్టం లేనివాళ్ళకి ఫిబ్రవరిలో నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంది, పావుగంట చూస్తే చాలు, డబ్బులక్కర్లేదు.

పెదవాల్తేరు
అదే రోజుల్లో ఇండియాలో కూడా లెక్కిస్తాం తాతగారూ, కాలేజీ క్యాంపస్‌లలో పిల్లలు బాగా చేస్తారు.

మంచు_పెరడు
మూడో రోజు సంగతి. ఫీడర్ తీయలేదు, చోటు మార్చాం. స్ప్రూస్ పొదకి మూడు మీటర్ల దూరంలో పెట్టాం, దూరడానికి చోటు ఉంటుందని. కింద గింజలు చల్లడం ఆపాం. చికడీలు మధ్యాహ్నానికే వచ్చేశాయి. డేగ నిన్న మళ్ళీ వచ్చి కంచె మీద కూర్చుంది, దొరక్క పోయింది. అత్తయ్యగారు డీలు లెక్కపెట్టబోయారు, అన్నీ ఒకేసారి అరిచేసరికి కుదరలేదు. అన్ని పిట్టలూ పొదలోకి దూరినప్పుడు ఆవిడే చప్పట్లు కొట్టారు. తీసెయ్యమని ఇప్పుడైతే అనట్లేదు, అలాగని పూర్తిగా ఒప్పుకోనూ లేదు.

సియాటెల్_శాకాహారి
బాగుంది. ఆ చోటు కిటికీకి ఎంత దూరం? మీటరు లోపు గానీ, పది మీటర్లు దాటి గానీ ఉండాలి. మధ్యలో ఉంటే డేగకి బెదిరి వేగంగా వచ్చి అద్దానికి కొట్టుకుంటాయి. దేశం మొత్తం మీద ఏటా కోట్లలో చస్తున్నాయి అలా, డేగలెక్కడ సరిపోతాయి దాని ముందు.

మంచు_పెరడు
అయ్యో, నాలుగైదు మీటర్లే. చెట్టు జరపలేం కదా. ఏం చేయాలి?

సియాటెల్_శాకాహారి
అద్దం బయటి వైపు రెండేసి అంగుళాల ఎడంలో చుక్కల స్టిక్కర్లు అంటించండి, మొత్తం అద్దం నిండా. డేగ బొమ్మ ఒక్కటి అంటిస్తే లాభం లేదు. సబ్బు ముక్కతో గీతలు గీసినా ప్రస్తుతానికి పనిచేస్తుంది. లోపలి నుంచి గీస్తే వృథా, అద్దంలో ఆకాశం కనబడుతూనే ఉంటుంది.

టొరంటో_తాత
పిల్లలకి సబ్బిచ్చి వదిలెయ్ అమ్మాయ్, పావుగంటలో నిండిపోతుంది. దస్తానాలు మాత్రం వేయించు.

మంచు_పెరడు
శనివారం చేయిస్తాను. ఇంకొకటి, అత్తయ్యగారు ఇంట్లో వేయించిన పల్లీలు పెట్టొచ్చా అంటున్నారు. ఉప్పు కారం పట్టించినవి.

వడ్రంగిపిట్ట
ఉప్పు లేకుండా వేయించినవైతే నిరభ్యంతరంగా పెట్టండి. ఉప్పువి మీరు తినేయండి. బూజు పట్టినవి ఎవరూ తినొద్దు. పొట్టుతో ఉన్న కాయలైతే బ్లూ జేలు కూడా దిగుతాయి, అప్పుడు ఇంకో ఫీడర్ కొనాల్సి వస్తుంది, చూసుకోండి.